బీవర్ కొరికిన చెక్కముక్క

మహారాష్ట్రలోని మా సిరొంచ వాళ్లకు నదులు కలవడమే తెలుసు. ఊరి పక్కనే ప్రాణహిత పోయి గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డున కాళేశ్వరం గుడి. దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. ఆ ప్రాణహిత కూడా పైన వర్ధా, వైన్‌గంగ కలిస్తే పుట్టిందే. అందుకే నెదర్లాండ్స్‌లో రైన్ నది రెండుగా చీలే చోట నిలబడినప్పుడు నాకు తిక్కగా అనిపించింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి కూడా చీలుతుందని పాఠంలో చదివానుగానీ కళ్లతో చూసింది లేదు. ఇక్కడ జర్మనీ నుంచి వచ్చిన నీళ్లలో మూడింట రెండు వంతులు వాల్ అనే పాయలోకి పోతాయి. మిగతావి 1700ల మొదట్లో మనుషులు తవ్విన కాలవలోకి. చీలే మొన మీద గుడి లేదు, స్నానఘట్టం లేదు, ఒక పాత కోట మాత్రం ఉంది. "ఇదే మన దగ్గరైతే ఈపాటికి పది కొబ్బరికాయల దుకాణాలు లేచేవి" అన్నాను తమ్ముడితో. వాడు నవ్వలేదు, సైకిల్ మీద ఎదురుగాలికి అలిసిపోయి ఉన్నాడు.

నేను సిరొంచ తాలూకాలో బడి పంతులమ్మను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ కలిపి. పిల్లలకు 'పరిసర అభ్యాస్' చెబుతాను. తెలుగు రాయడం నాకు ఎవరూ నేర్పలేదు, ఏటి అవతల నుంచి వచ్చే పేపర్లు చదివి చదివి వచ్చింది, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. తమ్ముడు నైమేగన్ అనే ఊళ్లో ఎలక్ట్రానిక్ చిప్పుల కంపెనీలో చేస్తాడు. దీపావళి సెలవుల్లో రమ్మని టికెట్ పంపాడు. "ఆమ్‌స్టర్‌డామ్ చూపిస్తానక్కా" అంటే, "ముందు మీ గంగ చూపించరా" అన్నాను.

వాడి ఇల్లు నదికి ఉత్తరాన, లెంట్ అనే చోట. అక్కడే నాకు మొదటి ఆశ్చర్యం ఎదురైంది. వాల్ నది నైమేగన్ దగ్గర ఇరుకై మెలిక తిరుగుతుంది. 1995లో రైన్‌కు పెద్ద వరద వస్తే, కరకట్టలు తెగుతాయేమోనన్న భయంతో రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. కట్టలు తెగలేదు. కానీ ఆ భయం వాళ్లను వదల్లేదు. కట్టల్ని ఎంతకని ఎత్తు పెంచుకుంటూ పోతాం, నదికే జాగా ఇద్దాం అనుకున్నారు. లెంట్ దగ్గర కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, మధ్యలో కొత్త పాయ తవ్వారు. దానికోసం యాభై దాకా ఇళ్లు తీసేశారు. తమ్ముడి ఎదురింటి ముసలావిడ ఇల్లు అందులో ఒకటి. ఆవిడ నాకు కాఫీ ఇస్తూ అన్న మాట తమ్ముడు తెలుగులో చెప్పాడు: "నా పియర్ చెట్టు ఉన్న చోట ఇప్పుడు కుర్రాళ్లు ఈత కొడుతున్నారు." కోపంగా అన్నదో, గర్వంగా అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

నాకైతే 1995 వరద ఎంతో అడగాలనిపించింది. మా దగ్గర వానాకాలంలో చిన్నపిల్లలు కూడా క్యూసెక్కుల్లోనే మాట్లాడతారు. అక్కడ సెకనుకు ఘనపు మీటర్లంటారు, సుమారు 12,000. ఫోన్లో లెక్క వేస్తే నాలుగు లక్షల ఇరవై వేల క్యూసెక్కులు. ఇంతేనా అనేశాను. 2022 జులైలో మా దిగువన గోదావరిలో 20 లక్షలకు పైనే పోయింది, భద్రాచలంలో 71 అడుగులు దాటింది. మా రెండెకరాల పత్తి మూడు రోజులు నీళ్లలో ఉండి, తేలేసరికి మోకాలెత్తు ఇసుక. మా ఊరివాళ్లను ముందు లేపింది కుక్కల అరుపులు, ఆ తర్వాతే ఎవరైనా వచ్చి చెప్పింది. కానీ తమ్ముడు ఒక మాటన్నాడు: "అక్కా, వీళ్ల ఇళ్లు వరద మట్టం కంటే కిందున్నయి. నీళ్లు వస్తే పోవు." దాంతో నోరు మూసుకున్నాను.

సరే, అడవి సంగతి. లెంట్ నుంచి వంతెన దాటి, ఊయ్‌పోల్డర్ కట్ట మీదుగా పది పన్నెండు కిలోమీటర్లు తొక్కితే మిల్లింగర్‌వార్డ్ వస్తుంది. కట్టకూ నదికీ మధ్యనున్న ఏడు వందల హెక్టార్ల నేల అది. ముప్పై నలభై ఏళ్ల కిందట అక్కడ ఉన్నవి మొక్కజొన్న చేలు, పచ్చిక బీళ్లు, ఇటుక బట్టీలకు మట్టి తీసే గుంతలు. ఒండ్రు మట్టిని పొరలా తీసేసి, అడుగునున్న పాత పాయల గాడుల్ని మళ్లీ బయటపెట్టారు. నీళ్లు వచ్చాయి, విల్లో చెట్లు వాటంతట అవే మొలిచాయి. విల్లో అంటే క్రికెట్ బ్యాట్ చేసే చెట్టు జాతి. గడ్డి మేయడానికి కోనిక్ అనే పొట్టి గుర్రాల్నీ, గాలోవే అనే బొచ్చు పశువుల్నీ తెచ్చి వదిలారు. ఇది నాకు మొదట్లో రుచించలేదు, తెచ్చిపెట్టుకున్న అడవి అనిపించింది. మా సిరొంచ అటవీ డివిజన్‌లో కొలామార్క వైపు అసలు సిసలు అడవి బర్రెలు ఇంకా మిగిలి ఉన్నాయి, ఎవరూ తెచ్చి వదిలినవి కావు. అయితే నిజం చెప్పొద్దూ, పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉండి నేను వాటిని ఒక్కసారి చూడలేదు. అక్కడ దిగిన గంటలో గుర్రాలు చూశాను.

చూడటమేంటి, మీదికే వచ్చింది. జంతువులకు 25 మీటర్ల దూరంలో ఉండమని బోర్డు. మేం ఆ నియమం పాటిస్తూ ఇసుక దిబ్బ మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. గుర్రానికి బోర్డు చదవడం రాదు కదా. బూడిద రంగు ఒళ్లు, నడుము మీదుగా నల్లటి చార, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి నా సంచీలోకి మూతి పెట్టింది. తమ్ముడు "లే అక్కా, లే" అని గుసగుసలాడుతుంటే, నేను డబ్బా ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడిచి బురదలో దిగబడ్డాను. బూటు లోపలే ఉండిపోయింది, కాలు బయటికొచ్చింది. ఆ ఒండ్రు మన రేగడి కంటే మొండిది. బూటు పీకడానికి ఇద్దరం పావుగంట తంటాలు పడ్డాం.

ఆ దిబ్బ గురించి కూడా చెప్పాలి. వరదల్లో ఒడ్డున పడ్డ ఇసుకను గాలి ఎగరేసి దిబ్బగా పోస్తుందట. ఆ దేశంలో నది ఇసుక గాలికి దిబ్బ కట్టే చోట్లు చాలా తక్కువ, అందుకని దాన్ని చూడటానికి మనుషులు పనిగట్టుకుని వస్తారు. మా తాత ప్రాణహిత ఇసుకలో పుచ్చకాయ, దోస పెట్టేవాడు. అక్కడి ఇసుక చేతిలోకి తీసుకుంటే మనదానికంటే సన్నగా, చల్లగా ఉంది.

బూటు కడుక్కోవడానికి పాత పాయ దగ్గరికి వంగితే, వంగిన కొమ్మ మీద నీలం మెరుపు. లకుముకి పిట్ట. నారింజ పొట్ట, వీపు మీద నీలం గీత, సన్నటి ఈల. ఏడు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి నేను చూసింది మా బడి వెనక కాలవ మీద కరెంటు తీగ పట్టుకు కూర్చునే పిట్టనే! జాతి కూడా అదే. తేడా ఒకటే: అక్కడ నీళ్లు గడ్డకట్టే చలికాలం వస్తే చేప దొరక్క చాలా పిట్టలు చచ్చిపోతాయి. మా వాటికి ఆ బాధ లేదు, ఎండకు కాలవే ఎండిపోతుంది, అంతే.

అదే ఒడ్డున, రెండు జానల లావున్న విల్లో మాను, పెన్సిల్ చెక్కినట్టు మొన తేలి నిలబడి ఉంది. చుట్టూ నేల మీద తెల్లటి చెక్కముక్కలు. ఒకటి తీసి చూశాను. అరచేతిలో పట్టేంత, రెండు కొసలా పలచన, మీద జంట గాట్లు. ఒక్కో గాటు చిటికెన వేలి గోరంత వెడల్పు, లోపల ఉలితో నునుపు చేసినట్టు. బీవర్ పని, నీళ్లలో బతుకుతూ చెట్లు కొరికే ఎలుక జాతి జంతువు అది. చలికాలానికి కొమ్మలు నరికి నీటి అడుగున దాచుకుంటుందట. పళ్లలో ఇనుము ఉండి నారింజ రంగులో ఉంటాయట. నెదర్లాండ్స్‌లో ఆఖరి బీవర్‌ను 1826లో చంపేశారు. మళ్లీ 1988లో ఎల్బె నది నుంచి తెచ్చి కింద బీస్‌బోష్ మడుగుల్లో వదిలారు, 1994లో ఈ ప్రాంతంలోనూ వదిలారు. ఇప్పుడు అవి పెరిగి కరకట్టల్లో బొరియలు తవ్వుతుంటే కట్టలు చూసుకునే వాళ్లకు టెన్షన్. గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారం అది, ఐదున్నరకే చీకటి పడింది. మొత్తం జంతువును మాత్రం చూడలేకపోయాం. నీటి మీద కోణంలా ఒక అల, ఫట్‌మని తోక దెబ్బ, ఆపైన నిశ్శబ్దం. తలెత్తితే అడవి బాతులు వరస వెనక వరస అరుచుకుంటూ పొలాల మీదికి దిగుతున్నాయి. వేలల్లో ఉంటాయి, లెక్కపెట్టడం వందలోపే మానేశాను.

ఒక చెక్కముక్క సంచీలో వేసుకొచ్చాను. బడిలో పిల్లలు దాన్ని చేతులు మార్చి మార్చి నల్లగా చేశారు. ఒకడు పెద్ద పందికొక్కు పని అన్నాడు, ఇంకొకడు గొడ్డలి మొద్దుబారిందన్నాడు.

పోయిన ఆదివారం దాన్ని రేవు దగ్గర చేపలు పట్టే కాకకు చూపించాను. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. ముక్కను వాసన చూసి, గాట్ల మీద బొటనవేలు రాసి అడిగాడు.

"ఏం జంతువు బిడ్డా ఇది?"

"నీళ్లలో ఉంటది కాక, కుక్కంత ఉంటది. చెట్లు కొరికి పడేస్తది."

"తింటరా దాన్ని?"

"ఇప్పుడు తినరు. ఎనుకట తిన్నరు. బొచ్చు కోసం కూడా చంపిన్రు. నీళ్లల్ల ఉంటది గాబట్టి చేప కిందికే లెక్క అని ఉపాసమున్న రోజుల్ల కూడ తినెటోళ్లట. అట్లనే ఒడిసిపోయింది."

కాక కిసుక్కున నవ్వి, ముక్కను నీళ్లలో వేశాడు. మునగలేదు. వేలితో రెండుసార్లు అదిమి చూశాడు, రెండుసార్లూ పైకి లేచింది.

"మంచి బెండు. ఈసారి పోతే ఇంకో ఇరవై తే, వలకు కట్టుకుంట" అని ఆ ఒక్కదాన్నీ ఒక కొసన కట్టేసుకున్నాడు.