వెర్షన్ 2 మాత్రమే

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో మా బావగారు నడిపే డీటీపీ దుకాణంలో ఏళ్ల తరబడి పోగుపడిన శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల సంచికలు దాదాపు అన్నీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే ఉన్నాయి. అవి అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో లేనందువల్ల వెతికితే దొరకవు. ఫోనుకు పంపితే అక్షరాల చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఒక ఓపెన్ సోర్స్ (సోర్స్‌ను, అంటే రాసిన కోడ్‌ను, అందరికీ తెరిచి ఉంచిన) ప్రోగ్రాములో వత్తులూ క్రావడీ తప్పు చోట పడుతున్నాయని గమనించి, రెండు నెలల పాటు ఆదివారాలు కూర్చుని ఆ భాగాన్ని సరిచేశాను.

కోడ్ పంపే ముందు లైసెన్సును, అంటే ఆ కోడ్‌ను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే పత్రాన్ని, నేనే ఎంచుకోవాలి కాబోలు అనుకున్నాను. కాని ఒకరి ప్రాజెక్టుకు చేసే సవరణ సాధారణంగా ఆ ప్రాజెక్టు లైసెన్సు కిందికే వెళ్తుంది కనుక, నాకు మిగిలింది ఆ షరతులకు నా కోడ్ సరిపడుతుందో లేదో చూసుకోవడమే. అక్కడే చిక్కు వచ్చింది. ఆ ప్రాజెక్టు, ప్రోగ్రామును ఇతరులకు ఇచ్చేవారు అవే షరతులతో సోర్స్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సులో 1991 నాటి వెర్షన్ 2 కింద ఉంది, ‘ఆ తరువాతి వెర్షన్లు కూడా’ అన్న మాట అందులో లేదు; నేనేమో అక్షరాలను క్రమంలో పెట్టే నలభై వరుసల ఫంక్షనును అపాచీ 2.0 లైసెన్సు ఉన్న మరో ప్రాజెక్టు నుంచి తీసుకున్నాను. తాను పెట్టని అదనపు ఆంక్షలను ఎవరూ పెట్టకూడదని జీపీఎల్ అంటుంది. ఈ ప్రోగ్రాము తన పేటెంటును ఉల్లంఘించిందని దావా వేసినవారికి దీనిపై ఉన్న పేటెంటు అనుమతి రద్దవుతుందని అపాచీ 2.0 అంటుంది. ఇది జీపీఎల్ వెర్షన్ 2లో లేని ఆంక్ష. అందుకే ఈ రెండూ కలవవని జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. 2007లో వచ్చిన వెర్షన్ 3 ఈ అడ్డును తొలగించింది గాని, ప్రాజెక్టును దానికి మార్చాలంటే ఇంతవరకు కోడ్ ఇచ్చిన వారందరి సమ్మతి కావాలి. వారిని వెతికి పట్టుకోవడం కన్నా ఆ నలభై వరుసలను, పాతవాటిని చూడకుండా, మళ్లీ రాయడమే తేలికని తోచి అలాగే చేశాను.

ఏ గుర్తుకు ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే పట్టిక మాత్రం పూర్తిగా నా కష్టం. అది వేరే ఫైలు కనుక దానికి చాలా తక్కువ షరతులుండే ఎంఐటీ లైసెన్సు పెట్టాను. జీపీఎల్ ప్రోగ్రామూ, సోర్స్ ఇవ్వని ప్రోగ్రామూ కూడా దాన్ని వాడుకోవచ్చు. (పట్టికను ఎవరో అమ్ముకుంటారని నాకు బెంగ లేదు, మార్పిడి ప్రోగ్రామునే అలా మూసేస్తే మాత్రం బాధపడతాను.) అన్నిటికన్నా ముందు, 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే కనుక, ఇది ఉద్యోగంతో సంబంధం లేని పని అని నేను పనిచేసే సంస్థ నుంచి ఒక ఈమెయిలు రాయించుకున్నాను.

ఇదంతా విన్న బావగారు, “ఇంతకీ దీంతో శుభలేఖలు చేసి డబ్బులు తీసుకుంటే ఏటన్నా తప్పా?” అని అడిగారు. ప్రోగ్రామును నడపడానికి జీపీఎల్ ఏ ఆంక్షా పెట్టదని, అది మార్చి ఇచ్చిన శుభలేఖకు ఆ లైసెన్సు అంటదని, ప్రోగ్రామునే మరొకరికి ఇచ్చినప్పుడు మాత్రం సోర్స్ కూడా ఇవ్వాలని చెప్పాను. ఆయన వెంటనే 2009 నాటి ఫోల్డరు తెరిచారు.