చర్మం ఎక్కడ విడిపోయింది? పొక్కుల చాప్టర్ నాకు లొంగిన తీరు

పీజీ ఎంట్రన్స్‌కి చదివేటప్పుడు డెర్మటాలజీలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఆటోఇమ్యూన్ (సొంత యాంటీబాడీలే చర్మం మీద దాడి చేసే) పొక్కుల చాప్టరే. పెంఫిగస్, పెంఫిగాయిడ్... పేర్లే ఒకేలా ఉంటాయి. టేబుల్ ఎన్నిసార్లు బట్టీ పట్టినా మాక్ టెస్ట్‌లో కూర్చోగానే గళ్లన్నీ కలిసిపోయేవి.

ఒకరోజు టేబుల్ పక్కన పెట్టి, తెల్లకాగితం మీద చర్మం పొరలు గీశాను. కణానికీ కణానికీ మధ్య అతుకుల్లాంటి డెస్మోజోమ్‌లు. అడుగు వరస బేసల్ కణాలను వాటి కింది పలచని పొర అయిన బేస్‌మెంట్ మెంబ్రేన్‌కి పట్టి ఉంచే హెమిడెస్మోజోమ్‌లు. యాంటీబాడీ దేన్ని దెబ్బతీస్తే చర్మం అక్కడ విడిపోతుంది. చాలావరకు ఆ బొమ్మలోంచే వచ్చేసింది.

పెంఫిగస్ వల్గారిస్‌లో ఐజీజీ రకం యాంటీబాడీలు డెస్మోజోమ్‌లలోని డెస్మోగ్లీన్ 3 అనే ప్రోటీన్ మీద, చాలామందిలో డెస్మోగ్లీన్ 1 మీద కూడా పనిచేస్తాయి. కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. పొక్కు పైకప్పు పలచన, అందుకే మెత్తగా ఉండి ఇట్టే చితికిపోతుంది. పక్క చర్మాన్ని వేలితో రుద్దితే అదీ జారుతుంది, అదే నికోల్‌స్కీ సైన్. బేసల్ కణాలు మాత్రం కింద పట్టు వదలవు. స్లైడ్‌లో సమాధిరాళ్ల వరసలా నిలబడి కనిపిస్తాయి. యాంటీబాడీలను వెలిగించి చూపే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షలో చేపల వలలా కనిపిస్తుంది. నోటి పొరను పట్టి ఉంచేది ముఖ్యంగా డెస్మోగ్లీన్ 3, అందుకే పుండ్లు చాలాసార్లు నోట్లోనే మొదలవుతాయి. పెంఫిగస్ ఫోలియేషియస్ అనే రకంలో దెబ్బ తినేది డెస్మోగ్లీన్ 1 ఒక్కటే, అందుకే నోరు బాగుంటుంది. ఈ ‘అందుకే’లు దొరికాక బట్టీ అవసరం రాలేదు.

బుల్లస్ పెంఫిగాయిడ్‌లో టార్గెట్ హెమిడెస్మోజోమ్‌లలోని బీపీ180, బీపీ230 ప్రోటీన్లు. ఎపిడెర్మిస్ (చర్మం పై పొర) మొత్తం పైకి లేస్తుంది కాబట్టి పొక్కు బిగువుగా ఉంటుంది. పెద్ద వయసు, విపరీతమైన దురద, బేస్‌మెంట్ మెంబ్రేన్ వెంట గీత గీసినట్టు ఐజీజీ, సీ3 (కాంప్లిమెంట్ ప్రోటీన్). 1953లో వాల్టర్ లీవర్ పెంఫిగస్‌నీ పెంఫిగాయిడ్‌నీ విడదీసింది అకాంథోలైసిస్ (కణాలు ఒకదాన్నొకటి వదిలేయడం) ఆధారంగానే.

అదే గీత ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అక్విజిటాలోనూ వస్తుంది. అప్పుడు సాల్ట్ స్ప్లిట్ (ఉప్పు ద్రావణంతో చర్మాన్ని బేస్‌మెంట్ మెంబ్రేన్ దగ్గర విడదీసి చేసే పరీక్ష) చూడాలి: పైకప్పున వెలిగితే పెంఫిగాయిడ్, నేలన వెలిగితే కొలాజెన్ 7 మీద యాంటీబాడీలున్న అక్విజిటా. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో పాపిల్లాల (కింది పొర నుంచి పైకి పొడుచుకొచ్చే మొనల) కొసల్లో ఐజీఏ రకం యాంటీబాడీ రేణువుల్లా ఉంటుంది, వెనకాల సీలియాక్ (గ్లూటెన్ పడని పేగు జబ్బు). గీతలా ఐజీఏ ఉండి, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాట వస్తే లీనియర్ ఐజీఏ జబ్బు.

నేను మార్కు పోగొట్టుకున్నది మాత్రం బయాప్సీ ప్రశ్నలో. హిస్టోపాథాలజీకి (మామూలు మైక్రోస్కోప్ పరీక్షకి) కొత్త పొక్కు అంచు తీయాలి. డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరసెన్స్‌కి పొక్కు పక్కనున్న చర్మం తీసి మిచెల్ మీడియం అనే ద్రవంలో పంపాలి, ఫార్మలిన్‌లో కాదు. పొక్కులోంచే తీస్తే అక్కడి ఇన్‌ఫ్లమేషన్‌కి యాంటీబాడీలు చెదిరిపోయి, జబ్బు ఉన్నా రిపోర్టు నెగెటివ్ రావచ్చు.