డిసెంబరు గంగ, జూన్ గంగ

రిషికేశ్‌లో రాఫ్టింగ్ అనగానే మనవాళ్లు ముందు అడిగేది ఎన్ని కిలోమీటర్లు అని. బ్రహ్మపురి నుంచా, శివపురి నుంచా, ఇంకా పైన మెరైన్ డ్రైవ్ నుంచా, కౌడియాలా నుంచా? ఎంత పైనుంచి బయల్దేరితే అంత గొప్ప. ఇవాళ నీళ్లు ఎలా ఉన్నాయని అడిగేవాళ్లు తక్కువ. నేను, మా బావ శివపురి నుంచి నీమ్ బీచ్ దాకా డిసెంబరులో ఒకసారి, జూన్ మొదట్లో ఇంకోసారి వెళ్లాం. ఒడ్డున ఊళ్లు అవే, రాపిడ్ల (నది రాళ్ల మీంచి హోరున దూకే చోట్ల) పేర్లు అవే. నది మాత్రం ఒకటి కాదనిపించింది.

మనకు నది మట్టం అంటే వరద వార్త. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్టే. తెడ్డు పట్టుకుని కొండ నదిలోకి దిగేవాడికి లెక్క అంత తేలిగ్గా తేలదు.

డిసెంబరులో నీళ్లు తక్కువ, లేత ఆకుపచ్చగా అడుగు రాళ్లు కనిపించేంత తేట. చలి సంగతి చెప్పక్కర్లేదు, మంచు కొండల నుంచి వచ్చే నీళ్లు. పడవలో మేం ఆరుగురం, వెనక గైడు. గఢ్వాల్ కుర్రాడు, మాట తక్కువ. ఎక్కేముందు ఒక్కొక్కరి లైఫ్ జాకెట్‌నీ భుజాల దగ్గర పట్టుకుని పైకి గట్టిగా గుంజి చూశాడు. జాకెట్ చెవుల దాకా లేస్తే పట్టీలు మళ్లీ బిగించాడు. తెడ్డు పై కొసన ఉండే అడ్డ పిడి మీద నుంచి చెయ్యి తీయొద్దని మరీమరీ చెప్పాడు. ఆ పిడి వదిలేస్తే అది పక్కవాడి పళ్లు రాలగొడుతుందట. పాదాన్ని ముందున్న గాలి నింపిన అడ్డ ట్యూబు కిందికి దూర్చి కూర్చోవాలి. పట్టుకోవడానికి ఉన్న అసలు ఆధారం అదే.

నీళ్లు తక్కువున్నప్పుడు రాపిడ్ అంటే రాళ్ల మధ్య సందులు వెతుక్కోవడం. పైనుంచి చూస్తే రెండు రాళ్ల నడుమ నీరు నున్నగా, నల్లగా నాలుకలా కిందికి జారుతుంది. నాలుక మొన దిగువకు ఉంటే అది దారి. మొన ఎగువకు తిరిగి ఉంటే దాని కింద రాయి దాక్కుని ఉందని అర్థం. గైడు ‘ఫార్వర్డ్’ అన్నా, ‘బ్యాక్’ అన్నా అర క్షణం ఆలస్యమైతే పడవ రాతికి రాసుకుంటుంది. భయం కన్నా పని ఎక్కువ.

శివపురి దిగువన ఒక వంపులో, ఎద్దుల బండంత బండరాయి వెనక్కి పడవను తిప్పాడు. రాతికి రెండు పక్కలా నది హోరున దూకుతోంది, మేం మాత్రం కదలకుండా ఉన్నాం. కాదు, కాస్త ఎగువకే పోతున్నాం. నురగ బుడగలు, ఒక ఎండు కొమ్మ మెల్లగా రాయి వైపు, అంటే నది వచ్చిన వైపు, ఈదుకుంటూ వెళ్తున్నాయి. బావ తెడ్డు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి చోటుని ఎడ్డీ అంటారు. రాయి వెనక ఖాళీ అయిన చోటుని నింపడానికి దిగువ నీళ్లు వెనక్కి వస్తాయి. పడవలకు ఇవే విశ్రాంతి స్థలాలు. అక్కడి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎదురు ప్రవాహాలు కలిసే గీత దగ్గర పడవ ముక్కును ఒక్క గుంజు గుంజింది. అంతే.

జూన్‌లో వెళ్లినప్పుడు ముందు రోజు దేవప్రయాగ దాకా వెళ్లొచ్చాం. సంగమం దగ్గర అలకనంద బురద రంగులో, భాగీరథి పచ్చగా, కాసేపు పక్కపక్కనే నడిచి తర్వాత కలిసిపోయి గంగ అవుతాయి. భాగీరథి మీద ఎగువన టెహ్రీ డ్యామ్ ఉంది, ఎత్తు 260.5 మీటర్లు. ఒండ్రు చాలావరకు ఆ జలాశయంలోనే ఆగిపోతుంది. అలకనంద కరిగిన మంచుతో పాటు కొండ మట్టినీ మోసుకొస్తుంది. టెహ్రీలో 1000 మెగావాట్ల కేంద్రాన్ని కరెంటు వాడకం ఎక్కువున్న వేళల్లో ఎక్కువ నడుపుతారు. దిగువన కోటేశ్వర్ డ్యామ్ ఆ హెచ్చుతగ్గులను కొంత సర్దుతుంది. పైన మంచు కూడా పగటి ఎండకు ఎక్కువ, రాత్రి తక్కువ కరుగుతుంది. అందుకే వేసవిలో ఒకే రోజులో కూడా మట్టం మారుతుంటుంది. శివపురి ఇసుకలో మా గైడు (ఈసారి వేరే అతను, నడి వయసు మనిషి) నీటి అంచున ఒక గులకరాయి పెట్టాడు. హెల్మెట్లు పంచి, పడవకు గాలి సరిచూసుకుని వచ్చేసరికి ఆ రాయి నీళ్లలో ఉంది. ఏమీ అనలేదు, మా వరసలు మాత్రం మార్చాడు. బలంగా తెడ్డు వేసేవాళ్లను ముందుకు పంపాడు.

“నీళ్లు ఎక్కువుంటే రాళ్లు మునిగిపోతాయి కదా, ఇంకేం భయం?” అన్నాడు బావ. నాకూ సబబుగానే తోచింది. నిజంగానే డిసెంబరులో చెమటలు పట్టించిన ఒకటి రెండు చోట్లు ఇప్పుడు కనిపించనే లేదు. నీరు వాటి మీంచి సాఫీగా పోతోంది. వంపు దగ్గరికి వచ్చాక గైడు తెడ్డుతో చూపించాడు. మేం వెనక దాక్కున్న ఆ బండరాయి మునిగిపోయింది. దాని మీద నీరు నున్నటి గుట్టలా లేచి అవతల తెల్లటి గుంతలోకి పడుతోంది. ఆ గుంతలో నీరు దిగువకు పోకుండా తనలో తానే వెనక్కి దొర్లుతోంది. పడిన మనిషిని, ఒక్కోసారి పడవను కూడా పట్టి ఉంచేది అదే. మొన్నటి విశ్రాంతి స్థలం ఇవాళ్టి ఉచ్చు. బావ మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు.

రోలర్ కోస్టర్ అనే రాపిడ్‌లో రాళ్ల గొడవ లేదు. వరసగా పెద్ద అలలు, ఒకటి ఎక్కి దిగేలోపు ఇంకొకటి. డిసెంబరులో నవ్వుకుంటూ దాటేశాం. జూన్‌లో రెండో అల ముందున్నవాళ్లకు ఆకాశాన్ని మూసేసింది. బావ భయపడి తెడ్డు పైకి ఎత్తేశాడు. నీళ్లలో దిగిన తెడ్డే మనిషిని నిలబెడుతుందని గైడ్లు ఎందుకు అరుస్తారో అప్పుడు తెలిసింది. మనిషి వెనక్కి వాలి, చప్పుడు కూడా లేకుండా పోయాడు. హెల్మెట్ తేలేసరికి పడవకు చాలా దూరంలో ఉంది.

నేర్పినట్టే వెల్లకిలా తిరిగాడు, పాదాలు దిగువకు పెట్టాడు. నిలబడే ప్రయత్నం చేయకూడదు. అడుగు రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. శీతకాలంలో రాపిడ్ తర్వాత నది మడుగులా నిలుస్తుంది. పడినవాడు కాస్త ఈదితే ప్రశాంతమైన నీళ్లలోకి వస్తాడు. నీళ్లు పెరిగితే మడుగులూ పరిగెడతాయి. ఒక రాపిడ్ ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది, ఒడ్డున ఎడ్డీలూ తక్కువే. అలల సైజు కంటే నన్ను భయపెట్టింది పడినవాడు కొట్టుకుపోయే ఈ దూరమే. పడినవాళ్లను కాపాడడానికి కయాక్ అనే చిన్న పడవలో వెంట వచ్చే కుర్రాడు చేరుకుని తన పడవ కొసను పట్టుకోమన్నాడు. మేం దగ్గరికి వెళ్లాక గైడు బావ జాకెట్‌ను భుజాల దగ్గర రెండు చేతులా పట్టి, మోకాలు ట్యూబుకు తన్నిపెట్టి, తను వెనక్కి పడుతూ లోపలికి లాగాడు. బావ మొదట అడిగింది తెడ్డు ఎక్కడ అని.

గోల్ఫ్ కోర్స్ అనే రాపిడ్‌కు ముందు గైడు పడవను ఒడ్డుకు చేర్చి, బండ ఎక్కి కాసేపు చూసొచ్చాడు. మధ్యలోంచి వద్దు, పక్కగా పోదాం అన్నాడు. మా వెనక వచ్చిన ఇంకో పడవలో కుర్రాళ్లు మధ్యలోంచే తీసుకెళ్లమని వాళ్ల గైడును తెగ బతిమాలారు, ఆయన వినలేదు. రాపిడ్లకు ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లుంటాయి, వాటిని సినిమా రేటింగుల్లా చెప్పుకుంటాం కానీ మట్టం మారితే ఆ గ్రేడూ మారిపోతుంది.

జులై, ఆగస్టుల్లో వానల వల్ల అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. మిగతా నెలల్లో ఎప్పుడు వెళ్లినా ఆ రోజు పొద్దున నీళ్ల సంగతి గైడును అడిగి, కిందినుంచే మొదలుపెడదాం అంటే సరే అనడం మంచిది. ఈత రాకపోయినా జాకెట్ ఉంది కదా, పర్లేదు అంటుంటారు. డిసెంబరు నీళ్లకైతే నేనూ ఆ మాటే అంటాను. జూన్ నీళ్లకు అనను. బావకు ఈత బాగానే వచ్చు.