పల్స్‌ని పొట్టి చేయాలంటే రంగులు పెంచాలి

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఎమ్మెస్సీ పిల్లలకి ఆప్టిక్స్ చెబుతుంటాను. లేజర్ పల్స్‌ని, అంటే ఒక్క క్షణం మెరిసి ఆగే వెలుగుని, పొట్టి చేయడం ఎలా అని అడిగితే ఎక్కువమంది షట్టర్ అనే అంటారు. క్యూ-స్విచింగ్ ఇంచుమించు అలాంటిదే: కేవిటీలో (లేజర్ అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ తిరిగే చోట) వెలుగు నష్టాన్ని ఎక్కువగా ఉంచి, శక్తి పోగయ్యాక ఒక్కసారిగా వదిలేయడం. దాంతో వచ్చేవి మామూలుగా నానోసెకన్ల (సెకనులో వంద కోట్లవ వంతు) పల్స్‌లే.

నాకు ఇష్టమైంది మోడ్-లాకింగ్. కేవిటీలోని వేల మోడ్‌లు, అంటే అందులో ఇమిడే వేర్వేరు పౌనఃపున్యాల తరంగాలు, ఫేజ్ కలిపి (అడుగులో అడుగేసినట్టు) నడిస్తే వెలుగంతా ఒక్కచోట చేరుతుంది. పల్స్ ఎంత పొట్టిదైతే స్పెక్ట్రమ్ (అందులోని రంగుల విస్తృతి) అంత వెడల్పుగా ఉండాలి. గాసియన్ (గంట ఆకారపు) పల్స్‌కి సెకన్లలో నిడివి, హెర్ట్జ్‌లలో స్పెక్ట్రమ్ వెడల్పు, ఈ రెండింటి లబ్ధం 0.44 కంటే తగ్గదు. పిల్లలు ఈ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు, మిగతాదంతా వాళ్లే చెప్పేస్తారు.

ఇంకా తగ్గించాలంటే జడవాయువు నింపిన బోలు ఫైబర్‌లోంచి పంపాలి. అక్కడ కొత్త రంగులు పుడతాయి, కానీ ఎరుపు ముందు, నీలం వెనక, ఊరేగింపులా సాగిపోతాయి. అప్పుడు చర్ప్‌డ్ అద్దాలు (లోపలికి పోయేకొద్దీ పొరల మందం మారే అద్దాలు) కావాలి. వాటిలో ఎరుపు లోపలి పొరల దాకా వెళ్లి ఆలస్యంగా తిరిగొస్తుంది, ఈలోగా నీలం అందుకుంటుంది. ఎంత అందమైన ఆలోచనో! 1997 నాటికే ఇలా 5 ఫెమ్టోసెకన్ల (నానోసెకనులో పది లక్షలవ వంతు) లోపుకి వచ్చారు. 800 నానోమీటర్ల వెలుగులో అది తరంగం రెండుసార్లు ఊగేంత సమయం కూడా కాదు.

2023 నోబెల్ తెచ్చిన అట్టోసెకన్లకి (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) హై హార్మోనిక్స్, అంటే లేజర్ పౌనఃపున్యానికి ఎన్నో రెట్ల పౌనఃపున్యమున్న వెలుగు, కావాలి. అది వచ్చే వారం రాస్తాను.