బల్ల అద్దం కింద ఐదో రూలు

గత వారం సోమవారం నుంచి శనివారం దాకా నాకు ఒక్క సాయంత్రం కూడా ఖాళీ దొరకలేదు. ఇది ఆదివారం మధ్యాహ్నం రాస్తున్నాను. రాత్రంతా మేలుకొన్న కళ్లు మండుతున్నాయి గానీ, రేపటికి కోపం చల్లారిపోతే ఇందులో సగం సంగతులు నేనే దాచేస్తానని తెలుసు కాబట్టి ఈ రోజే రాసేయాలని కూర్చున్నాను.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక న్యాయ కళాశాలలో పాఠాలు చెబుతాను. 14 ఏళ్లుగా పర్యావరణ చట్టం నా పేపరు. ముందే ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. నాకు జరిగిన అవమానం సరిగ్గా ఆ పేపరులోనే జరిగింది.

సోమవారం మూట్ కోర్టు పోటీలకు, అంటే విద్యార్థులు ఉత్తుత్తి కేసులు వాదించే పోటీలకు, న్యాయనిర్ణేతగా కూర్చున్నాను, ఇబ్బందేమీ లేకుండా సాగింది. మంగళవారం సాయంత్రం కొత్త క్రిమినల్ చట్టాల మీద న్యాయవాదులకు ఉపన్యాసం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చి, 1860 నాటి శిక్షాస్మృతిలోని 511 సెక్షన్లు 358కి కుదించుకుపోయాక మా సీనియర్లకు కలిగిన దిగులు అంతా ఇంతా కాదు. "నాలుగు వందల ఇరవై అంటే కోర్టు ముందర చాయ్ అమ్మేటాయనకు గూడ తెలుసు సార్. మూడు వందల పద్దెనిమిది, అందుట్ల నాలుగో సబ్ సెక్షన్ అని నేనెవరికి జెప్పాలె?" అని, మోసం సెక్షనుకు వచ్చిన కొత్త నంబరు మీద ఒక పెద్దాయన అడిగితే అందరూ నవ్వారు. నా దగ్గర సమాధానం లేదు. అయినా ఆ రోజు ఉపన్యాసం బాగా కుదిరిందని నాకే కాదు, వచ్చిన వారందరికీ అనిపించిందని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

బుధవారం టీవీ. హైదరాబాదులో ఒక వార్తా చానల్ వారు శబ్ద కాలుష్యం, పెళ్లిళ్లలో డీజేల గోల మీద చర్చ పెట్టారు. కారు పంపుతామని మంగళవారం రాత్రి చెప్పి, బుధవారం పగలు ఒంటి గంటన్నరకు "సార్, మీరే వచ్చేయండి" అన్నారు. వంద కిలోమీటర్లు ఆర్టీసీ బస్సులో ఆరాంఘర్ దాకా వెళ్లి, అక్కడ ఆటో ఎక్కి, చెమట తుడుచుకునేలోపే ముఖానికి పౌడరు రాయించుకుని కూర్చున్నాను. తెర మీద నా పేరు కింద "సీనియర్ అడ్వకేట్" అని వేశారు. పూర్తికాలపు ఉద్యోగంలో పాఠాలు చెప్పే నేను కోర్టులో వకాలతు వేయను. పైగా సీనియర్ అడ్వకేట్ అన్నది జుట్టు నెరిసిన ప్రతివాడికీ తగిలించే బిరుదు కాదు. న్యాయవాదుల చట్టం 16వ సెక్షన్ కింద హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ ఇచ్చే హోదా అది. విరామంలో ఈ సంగతి చెబితే "నెక్స్ట్ బ్రేక్‌లో మారుస్తాం సార్" అన్నారు, చివరిదాకా మార్చలేదు. మా పాలమూరు గడ్డ మీద పుట్టి, న్యాయశాస్త్రం చదివి, 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఒక్కో అక్షరాన్ని దిద్దుకున్న జిల్లా నుంచి వెళ్లినవాడిని కదా, మనసు చివుక్కుమంది. ఇక ఈ చానళ్ల వారు పిలిస్తే వెళ్లకండి, వెళ్లినా కారు ఇంటి ముందు ఆగేదాకా చెప్పులు వేసుకోకండి.

అసలు సంగతి అది కాదు. ఫోన్లు తీసుకునే సమయంలో జడ్చర్ల నుంచి ఒకాయన మాట్లాడాడు. వచ్చే నెల కూతురి పెళ్లి అనీ, ఫంక్షన్ హాల్లో మైకు పెట్టడానికి పోలీసు అనుమతి కావాలా అనీ అడిగాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, తొణకకుండా, "తలుపులు మూసిన హాలు అయితే అక్కర్లేదండీ, ఆంక్షలన్నీ ఆరుబయట పెట్టే మైకులకే" అన్నాను. యాంకరమ్మ "చాలా స్పష్టంగా చెప్పారు సార్" అంది.

ఆ ధీమాకు ఒక కారణం ఉంది. మా నాన్న సేద్యం చేస్తూనే తత్వాలు పాడేవాడు. ఆయన పోయినప్పటి నుంచి ఏటా ఒక రాత్రి ఊళ్లో మా ఇంటి ముందర తెల్లవార్లూ తత్వాల భజన పెట్టిస్తున్నాను. నిరుటి వానలకు ఆ ఇంటి గోడ కూలడంతో ఈసారి పట్నంలోనే, మా కాలనీ కమ్యూనిటీ హాల్లో శనివారం రాత్రికి ఏర్పాటు చేశాను. దేవరకద్ర, కోయిలకొండ వైపు నుంచి ఎనిమిది మంది పాటగాళ్లు వస్తారు. హాలుకు నాలుగు గోడలు ఉన్నాయి, తలుపులు ఉన్నాయి కనుక అనుమతి గొడవ లేదని నాకు నేనే తీర్పు ఇచ్చుకుని, ఆ తీర్పునే జడ్చర్ల ఆయనకు కూడా దానం చేశాను.

గురువారం పొద్దున పోలీసు స్టేషనుకు వెళ్లింది కూడా అనుమతికి కాదు, ఊరికే ఒక మాట చెప్పి వద్దామని. బెంచీ మీద గంటన్నర కూర్చోబెట్టారు. నాకు ఒక పక్కన బండి పోయిన కుర్రాడు, ఇంకో పక్కన అల్లుడి మీద ఫిర్యాదు తెచ్చిన ముసలామె. చివరికి స్టేషనులో రాతపని చూసే రైటర్ పిలిచి సంగతి విని, "దరఖాస్తు ఏది సార్? ఆధార్ జిరాక్సు, హాలోళ్ల సమ్మతి లెటరు, మైక్ సెట్టాయన పేరు, ఎన్ని బాక్సులు, ఎన్నింటిదాక, ఇవన్నీ రాసుకొని రావాలె" అన్నాడు. నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. "శబ్ద కాలుష్య నియమావళి, 2000, ఐదో రూలు ప్రకారం మూసిన ప్రాంగణాలకు మినహాయింపు ఉంది. ఆ పేపరు నేనే చెబుతాను" అని క్లాసులో పలికినట్టే గొంతు పెంచి పలికాను. ముసలామె కూడా తన గోడు ఆపి నా వైపు చూసింది.

రైటర్ ఏమీ వాదించలేదు. బల్ల మీది ఫైళ్లు పక్కకు జరిపి, అద్దం కింద వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఒక జిరాక్సు కాగితం, మూలన గుండ్రంగా టీ మరక, ఐదో రూలు మొదటి వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత. నిలబడి ఉంటే ట్యూబులైటు వెలుగు అద్దం మీద పడి అక్షరాలు కనబడటం లేదు. బల్ల మీదికి వంగి, కళ్లజోడు పైకెత్తి చదవాల్సి వచ్చింది. అధికారి నుంచి రాతపూర్వక అనుమతి పొందితే తప్ప లౌడ్‌స్పీకర్ వాడరాదని అందులో ఉంది. హాలు అనీ ఆరుబయలు అనీ అక్కడ తేడా లేదు. నేను పట్టుకు వేలాడిన మినహాయింపు దాని కింద రెండో ఉపనియమంలో ఉంది. అది రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఉన్న నిషేధానికి మాత్రమే మినహాయింపు. అంటే మూసిన హాలు అయితే రాత్రిపూట నిషేధం వర్తించదు గానీ, అనుమతి పత్రం పగలైనా రాత్రయినా ఉండాల్సిందే.

నేను ఫోను తీసి మరోసారి వెతికాను, అచ్చుతప్పు ఏమైనా ఉందేమోనన్న ఆశతో. లేదు. వంగినవాణ్ణి లేచేసరికి రైటర్ మెల్లగా, "నిన్న టీవీల జెప్పింది మీరే గద సార్? మా ఇంట్ల అందరం జూసినం" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే సంతోషంగా అన్నాడు. అందుకే నాకు మరింత సిగ్గేసింది.

ఇంత పెద్ద తప్పు ఎలా చేశానని ఇంటికి వచ్చి ఆలోచించాను. శబ్ద కాలుష్యం మీద 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఎక్కువగా రాత్రిపూట నిశ్శబ్దం చుట్టూ తిరుగుతుంది, పరీక్షలో ప్రశ్న కూడా దాని మీదే వస్తుంది, నేను కూడా దాన్నే చెబుతాను. ఇన్నేళ్లలో మొదటి ఉపనియమాన్ని క్లాసులో ఒక్కసారి కూడా గట్టిగా చదివించలేదు. రూలు పుస్తకాన్ని మధ్యలో తెరిచే అలవాటు నాది, మొదటి వాక్యం దగ్గర తెరిచే అలవాటు ఆ రైటర్‌ది.

ఆ సాయంత్రం ఇంకో పని పడింది. హాలుకు దగ్గరలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఈసారి జ్ఞాపకాన్ని నమ్ముకోదలచుకోలేదు. మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చి, ఒక కొస హాలు వాచ్‌మన్‌కు ఇచ్చి, రోడ్డు మీద చాక్‌పీసుతో గీతలు గీసుకుంటూ కొలిచాను. నాలుగు టేపులు దాటి పది మీటర్లు మిగిలింది. మధ్యలో మా ఫైనలియర్ విద్యార్థి బండి మీద పోతూ ఆగి, "సార్, ప్లాట్ తీసుకుంటున్నారా?" అని అడిగాడు.

శుక్రవారం అన్ని కాగితాలతో వెళ్లాను. అనుమతి ఇచ్చే అధికారి డీఎస్పీ హోదాకు తగ్గకూడదని అదే నియమావళి చెబుతుంది. అందుచేత కాగితం స్టేషను నుంచి పై ఆఫీసుకు పోయింది. ఆఫీసులో అయ్యగారు బందోబస్తుకు వెళ్లారు. మూడింటికి రమ్మన్నారు, మూడింటికి వెళితే ఐదింటికి అన్నారు, ఐదింటికి వెళితే రేపు అన్నారు. ఈ ఆఫీసులో ఒక గుమాస్తా నా దరఖాస్తు మీద తేదీ అంకెలు ముందు వెనకలయ్యాయని మొత్తం మళ్లీ రాయించాడు. స్టేషను వారి మీద నాకు ఏ కోపమూ లేదు గానీ, ఈ గుమాస్తాను మాత్రం క్షమించలేను. మీరెవరైనా వెళితే మైక్ సెట్ ఆయనను వెంట తీసుకెళ్లండి. వారికి అక్కడ అందరూ తెలుసు, ఏ కాగితం మీద ఏ ముద్ర పడాలో మనకంటే బాగా తెలుసు. చట్టం పుస్తకం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

శనివారం మూడింటికి అనుమతి చేతికి వచ్చింది. రెండు బాక్సులు, రాత్రి 10 దాకా. మూసిన హాలు కాబట్టి 10 తర్వాత కూడా అడగవచ్చునని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మూడు రోజుల్లో ఆ మాత్రం జ్ఞానం వచ్చింది.

హాల్లో జంపఖానాలు పరుస్తుంటే ఒక కుర్రాడు బ్యాగు తగిలించుకుని వచ్చి, పాటలు పాడితే కాపీరైటు లైసెన్సు రుసుం కట్టాలని రసీదు పుస్తకం తీశాడు. ఈ ఒక్క చోట నా చదువు పనికొచ్చింది. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం డబ్బు కట్టని శ్రోతల ముందు ఔత్సాహికుల బృందం పాడితే ఉల్లంఘన కాదని ఫోనులో తెరిచి చూపించాను. ముందు ఉపసెక్షన్ మొదటి నుంచి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాకే చూపించాననుకోండి. అతను రసీదు పుస్తకం మడిచి, ఒక గ్లాసు చాయ్ తాగి పోయాడు.

పాట ఎప్పటిలాగే మన్యంకొండ హనుమద్దాసు కీర్తనతో మొదలైంది. పదింటికి మైక్ సెట్ ఆయన వైర్లు చుట్టుకుంటుంటే మా నాన్న స్నేహితుడు, డెబ్బై దాటిన పెద్దాయన, నన్ను పిలిచి, "కొడుకా, ఆ తలుపులు దగ్గరికెయ్యి" అన్నాడు. వేశాను. తంబూర శ్రుతి సరిచేసుకుని ఆయన గొంతు ఒక మెట్టు దించాడు. అప్పటిదాకా బాక్సుల హోరులో వినబడని కంజిర గజ్జెలు వినబడ్డాయి. వెనక కూర్చున్నవాళ్లు పిల్లలను ఎత్తుకుని ఒక్కొక్కరే ముందుకు జరిగారు. నాలుగున్నరకు మంగళహారతి అయింది.

జడ్చర్ల ఆయన ఫోను నంబరు ఇవ్వమని చానల్ వారిని మూడుసార్లు అడిగాను. అలా ఇవ్వకూడదన్నారు, అది సరైన మాటే. పోనీ నేను చెప్పింది తప్పని తర్వాతి కార్యక్రమంలో ఒక్క ముక్క వేయమంటే, "ఎవరికీ గుర్తుండదు సార్" అన్నారు. కాబట్టి ఆయన గానీ, ఆయనను ఎరిగినవాళ్లు గానీ ఇది చదివితే: అయ్యా, నేను ఆ రోజు చెప్పింది తప్పు. ఫంక్షన్ హాలు అయినా మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి. పెళ్లికి వారం ముందే దరఖాస్తు పెట్టండి, తేదీ అంకెలు ఒకసారి సరిచూసుకోండి.