ట్యాంకరు దగ్గర ఏడో నెల

మే నెలలో ఉదయగిరి మెట్ట ప్రాంతంలోని మా ఊరికి వెళ్లినప్పుడు, ఏడో నెల గర్భంతో ఉన్న మా వదిన మిట్టమధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడి ఉండటం చూశాను. ఆ బిందె అందుకోగలిగాను గాని, ఆ దృశ్యాన్ని మనసులోంచి దించుకోలేకపోతున్నాను. బోర్లు ఎండిపోవడం, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ ఉండటం వల్ల వాళ్లకు ట్యాంకరే దిక్కు.

వడగాడ్పుల్లో ఒంట్లోని నీరు తగ్గితే, కడుపులోని బిడ్డకు పోషణ అందించే మాయకు చేరే రక్తమూ తగ్గవచ్చు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నెలలు నిండకముందే కాన్పయ్యే అవకాశం సుమారు 5 శాతం పెరుగుతుందని, అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన సమీక్ష తేల్చింది.

2017 నుంచి చట్టం తొలి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఇస్తున్నా, దినకూలికి వెళ్లే మా వదినకు అది దక్కలేదు. నేను తిరుగు ప్రయాణమైన రోజున కూడా ఆమె పొగాకు గ్రేడింగు పనికే వెళ్లింది.