ఉప్పు పడవ గేమ్: స్కిల్స్ ఎంతవరకు వచ్చాయంటే

కావలిలో మేం సొంతంగా ఒక టేబుల్‌టాప్ గేమ్ రాసుకుంటున్నాం, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. దానికి స్కిల్స్ పట్టిక, అంటే పాత్రలకి ఏయే పనులు వచ్చో చెప్పే పట్టిక, ఒక కొలిక్కి వచ్చింది. కథ 1930లో, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో నడుస్తుంది. ఇస్కపల్లి ఉప్పును రాత్రిపూట బకింగ్‌హాం కాలువలో పడవ మీద దాటించాలి. దారిలో పోలీసులు కాపు కాస్తుంటారు.

ఈ తరహా ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో 18 స్కిల్స్ ఉన్నాయి. మంత్రాలు లేని కథ కాబట్టి ఆర్కానా (మంత్రవిద్య తెలియడం) లాంటివి మాకు అక్కర్లేదు. పెర్సెప్షన్‌తో, అంటే చుట్టూ ఉన్నది గమనించే స్కిల్‌తో, గొడవ వేరు: ఏ సీన్ వచ్చినా అందరూ దానికే డైస్ వేస్తారు. అందుకే మా పట్టికలో గమనించడం అనే స్కిల్లే పెట్టలేదు. కాలువ తెలిసినవాడికి నీళ్లలో తేడా కనిపిస్తుంది, సంత తెలిసినవాడికి గుంపులో మఫ్టీ పోలీసు కనిపిస్తాడు. మేం పెట్టుకున్నవి ఎనిమిది: పడవ, ఈత, కాలువదారి, సంత, బేరం, బుకాయింపు, దాక్కోవడం, దెబ్బలాట. ఒక్కొక్కరికి ఆరు పాయింట్లు, ఒక స్కిల్‌లో మూడుకి మించి పెట్టకూడదు.

లూడో డబ్బాలోని మామూలు డైస్ రెండు వేసి, స్కిల్ కలిపితే 8 గానీ ఆపైన గానీ రావాలి. స్కిల్ సున్నా అయితే గెలిచే అవకాశం 42 శాతం. ఒకటికి 58, రెండుకి 72, మూడుకి 83. నాలుగు పెడితే 92 అవుతుంది, ఇక డైస్ వేయడమే దండగ. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో వాడే 20 ముఖాల డైస్‌లో ఒక్కో పాయింటుకి వచ్చే తేడా 5 శాతమే. ఇక్కడ మొదటి పాయింటుకే దాదాపు 17 శాతం పెరుగుతుంది కాబట్టి కొత్తగా ఆడేవాళ్లకి హుషారుగా ఉంటుంది.

ఒక్కో స్కిల్‌కి ఒక అట్టముక్క. దాని మీద ఏం చేస్తుంది, ఏం చేయదు, తప్పితే ఏమవుతుంది అని రాస్తున్నాం. పడవ కార్డు ఇలా ఉంది: "గడ వేయడం, గట్టు మీంచి తాడుతో లాగడం, చీకట్లో మలుపు తిప్పడం. నీళ్లలో పడ్డ బస్తా తీయడం దీని పని కాదు, అది ఈత. తప్పితే పడవ ఇసుకలో దిగబడుతుంది, ఒక బస్తా తడుస్తుంది." తడిసిన ఉప్పు కరిగిపోతుంది కాబట్టి టెన్షన్ దానంతటదే వస్తుంది.

ఎక్కువ వాదన జరిగింది బేరం, బుకాయింపుల దగ్గర. కాలువ లాకు కాపలాదారుకి చుట్ట ఇచ్చి "ఇవి ఊక బస్తాలు" అంటే ఏ స్కిల్? "చుట్ట ఇచ్చినాక ఇంక అబద్ధమేందబ్బా, అది బేరమే" అన్నాడు మావాడొకడు. చివరికి ఏది తప్పితే కొంప మునుగుతుందో దానికే డైస్ అనుకున్నాం. చుట్ట నచ్చకపోతే పోయేదేం లేదు, బస్తా విప్పి చూస్తే అయిపోయాం. కాబట్టి బుకాయింపు.

చదువుకి పాయింట్లు లేవు. నోటీసు చదవడం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

దెబ్బలాట కార్డు ఇంకా సగంలోనే ఉంది. సత్యాగ్రహి పాత్ర తీసుకున్నవాళ్లు చెయ్యెత్తకూడదు కదా, వాళ్లకి దాని బదులు ఓర్పు ఇద్దామనుకుంటున్నాం. లాఠీ దెబ్బ పడ్డప్పుడల్లా ఓర్పుకి డైస్ వేస్తారు. నెగ్గితే చుట్టూ ఉన్న జనంలో ఒకరు వీళ్ల వైపు వస్తారు. తప్పితే ఏమవ్వాలో ఇంకా తేలలేదు.